అయిదో తీగను విని కొనాలి

నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం ఉపకులపతులకు, అనుబంధ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, సాంస్కృతిక విభాగాల బాధ్యులకు బహిరంగ లేఖ



ఐదు తీగల బేస్ గిటార్ అంటే మామూలు నాలుగు తీగల బేస్‌కు మంద్రం వైపు మరో లావు తీగ చేర్చిన వాద్యం. సన్న తీగ నుంచి లావు తీగ దాకా వరసగా జి, డి, ఎ, ఇ అని నాలుగు. వాటి పక్కన బి. మెట్టు నొక్కకుండా మీటితే ఇ తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. బి తీగ 31 సార్లే. పియానోలో ఎడమ చివర నుంచి లెక్కపెడితే మూడో మీట దగ్గర పలికే స్వరం అది. మనిషి చెవికి శబ్దం అందే కింది హద్దు 20 హెర్ట్జ్ దగ్గర ఉంది కాబట్టి బి తీగ పని చేసేది దాదాపు ఆ హద్దు పక్కనే. చవక బేస్‌లలో మంచీ చెడూ తేలేది ఈ ఒక్క తీగ మీదే. మిగిలిన నాలుగూ ఈ రోజుల్లో పాతిక వేల రూపాయల వాద్యంలో కూడా సరిగ్గానే పలుకుతున్నాయి.

ఈ సంగతి విశ్వవిద్యాలయాల దాకా తేవడానికి కారణం ఉంది. నల్గొండలో 2007లో, మహబూబ్‌నగర్‌లో 2008లో ఏర్పడిన ఈ రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థుల్లో ఎక్కువమంది ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. రాక్, మెటల్ సంగీతం వాళ్ల ఫోన్లలో ఉంది, వాయించాలన్న ఆశ ఉంది. గిటార్ ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది, కీబోర్డు దొరుకుతుంది. బేస్ మాత్రం చివరిదాకా మిగిలిపోతుంది. ఆ పని కీబోర్డు ఎడమచేతికి అప్పగించి సరిపెట్టుకుంటారు. నలభై వేలు పోసి బేస్ కొనిపెట్టగల ఇళ్లు తక్కువ. కళాశాల ఒకసారి కొంటే పది బ్యాచ్‌లు దాని మీద నేర్చుకుంటాయి. భారత విశ్వవిద్యాలయాల సంఘం నడిపే యువజనోత్సవాల్లో పాశ్చాత్య బృందగానం, పాశ్చాత్య వాద్య విభాగాలు ఎటూ ఉన్నాయి. కాబట్టి కొనాలా వద్దా అన్నదానికంటే, ఏది కొనాలన్నదే ఇక్కడ ప్రశ్న.

మెటల్ సంగీతం మంద్రానికి దిగడం వెనుక ఒక ప్రమాదం ఉంది. 1965లో బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తున్న టోనీ అయోమి కుడిచేతి రెండు వేళ్ల కొసలు యంత్రంలో తెగిపోయాయి. అతను ఎడమచేతివాటం గిటార్ వాదకుడు. తీగల మీద మెట్లు నొక్కేది ఆ కుడిచేతి వేళ్లతోనే. నొప్పి తగ్గాలంటే తీగలు వదులుగా ఉండాలి. 1971లో అతని బృందం బ్లాక్ సబ్బాత్ ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' వచ్చేనాటికి వాళ్లు కొన్ని పాటలకు శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించారు. బృందంలో బేస్ వాయించే గీజర్ బట్లర్ తన నాలుగు తీగల బేస్‌నే అంత కిందికీ దించి వాయించాడు. 1994లో కోర్న్ బృందం మొదటి ఆల్బమ్ నాటికి ఏడు తీగల గిటార్ వచ్చింది. గిటార్ అట్టడుగు స్వరం 55 హెర్ట్జ్‌కు దిగింది. దానికి ఒక స్థాయి కింద నిలవాలంటే బేస్ 27.5 హెర్ట్జ్ దాకా పోవాలి. నాలుగు తీగల బేస్ మీద అక్కడికి దిగితే మామూలు ఇ తీగ బట్టలారేసిన తాడులా వేలాడుతుంది. ఆ బృందంలో ఫీల్డీ ఐదు తీగల బేస్ పట్టుకున్నది అందుకే. హైదరాబాద్‌లో పుట్టిన డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బమ్ తెచ్చింది. నల్గొండ నుంచీ పాలమూరు నుంచీ అటూ ఇటూగా వంద కిలోమీటర్ల దూరంలో ఈ సంగీతం తయారవుతోంది.

అయితే రాక్ అనగానే అయిదో తీగ కావాలని కాదు. బృందంలోని గిటార్ మామూలు శ్రుతిలో ఉంటే నాలుగు తీగల బేస్ చాలు. గిటార్ లావు తీగను ఒక్క స్వరం దించి 'డ్రాప్ డి' చేసుకున్నా బేస్‌లో ఇ తీగను అంతే దించితే సరిపోతుంది. సి దాకా దిగినప్పుడు కొంచెం లావు తీగల సెట్ వేసుకుని నాలుగు తీగలతో నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు. సి కంటే కిందికి పోయే పాటలు జాబితాలో ఉంటేనే అయిదో తీగ తప్పనిసరి. నాలుగు తీగల బేస్ ఇప్పటికే ఉన్న కళాశాలకు ఇంకో దారి కూడా ఉంది: ఐదు తీగల సెట్ కొని, సన్నదాన్ని పక్కన పెట్టి, బి, ఇ, ఎ, డి తీగలను ఆ వాద్యానికి ఎక్కించడం. తల దగ్గర తీగలు ఆనే నట్‌లో గాళ్లను లావు తీగకు తగ్గట్టు అరగదీయించాలి. మూడు నాలుగు వేలలో పని అయిపోతుంది. పై జి తీగ పోతుంది. మెటల్ బేస్‌లో దాని అవసరం తక్కువే.

ఈ తీగ వాద్యంలోకి వచ్చిన తీరు కొంచెం వంకరగా సాగింది. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చింది. 1965లో అదే కంపెనీ ఐదు తీగల 'బేస్ ఫైవ్' తెచ్చింది కానీ చేర్చిన తీగ మంద్రం వైపు కాదు, తారం వైపు. అది నిలబడలేదు. మంద్రం వైపు బి తీగ 1970ల మధ్యలో కొందరు వాదకులు ప్రత్యేకంగా చేయించుకున్న వాద్యాల్లో మొదలైంది. 1980లలో సింథసైజర్లు ఇ కంటే కిందికి దిగి బేస్ వాయించడం మొదలుపెట్టేసరికి బేస్ గిటార్ వాళ్లూ దిగక తప్పలేదు. మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే ఐదు తీగల బేస్ 1987లో వచ్చింది. తెలుగు శ్రోతల చెవి బేస్ గిటార్‌కు అలవాటుపడింది కూడా ఆ దశకంలోనే. 1989 నాటి 'గీతాంజలి' పాటల్లో ఇళయరాజా బేస్‌కు ఇచ్చిన చోటు గుర్తు తెచ్చుకుంటే, ఆ వాద్యం లయ పట్టడంతో ఆగకుండా సొంతంగా పాడగలదని కూడా తెలుస్తుంది.

ఇక అసలు విషయం, తీగ. ఒక తీగ ఎంత కింద పలుకుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: దాని పొడవు, బరువు, బిగువు. ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు ఈ లెక్క కొత్త కాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే దామరగిద్ద వాసి దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ దక్కింది. వెదురు దండి, సొరబుర్రలు, మెట్లు, తీగ: కిన్నెరలో ఉన్నవి ఇవే. తీగకు స్వరం ఇచ్చేది మెట్టు, సత్తువ ఇచ్చేది బుర్ర. ఎలక్ట్రిక్ బేస్‌లో చెక్క గట్టిది, లోపల బోలు లేదు. బుర్ర చేసే పనిని యాంప్, స్పీకర్ చేస్తాయి. మిగతా సూత్రం అదే.

ఒకే లావున్న తీగను ఇ నుంచి బి కి దించితే బిగువు 56 శాతానికి పడిపోతుంది. అందుకే బి తీగను లావుగా చేస్తారు. మామూలు సెట్‌లో ఇ తీగ 2.67 మిల్లీమీటర్లు, బి తీగ 3.3 మిల్లీమీటర్లు ఉంటాయి. పొట్లం మీద ఇవే 105, 130 అని అంగుళంలో వెయ్యో వంతుల్లో రాసి ఉంటాయి. ఇంత లావు పెంచినా ఇ తీగ బిగువు వంద అనుకుంటే బి తీగది 86 దగ్గరే ఆగుతుంది. 135 తీగ వేస్తే 93 దాకా వస్తుంది. లావు పెంచుకుంటూ పోవడానికీ హద్దు ఉంది: మరీ లావు తీగ ఇనుప కమ్మీలా బిరుసెక్కుతుంది, దాని ఉపస్వరాలు మూలస్వరంతో పొసగవు, వినేవాళ్లకు స్వరం బదులు దబదబమనే చప్పుడు మిగులుతుంది.

లావు కాక మిగిలింది పొడవు. బేస్‌లో తీగ కంపించే మేర సాధారణంగా 34 అంగుళాలు. దీన్నే స్కేల్ అంటారు. దాన్ని 35 చేస్తే అదే తీగకు బిగువు 6 శాతం పెరుగుతుంది. వినడానికి చిన్న సంఖ్య. వేలికి మాత్రం తేడా తెలుస్తుంది. ఐబనెజ్ బీటీబీ వరస, స్పెక్టర్ లెజెండ్ ఐదు తీగల బేస్ 35 అంగుళాలవి. డింగ్‌వాల్ కంపెనీ మెట్లను విసనకర్రలా పరిచి సన్న తీగకు 34, లావు తీగకు 37 అంగుళాలు ఇస్తుంది. మెటల్ వాదకులు దాన్ని అంతగా కోరుకోవడానికి కారణం ఆ మూడంగుళాలే. ఇవన్నీ కళాశాల బడ్జెట్‌కు అందనివి. చవక ఐదు తీగల బేస్‌లలో చాలావరకు 34 అంగుళాలవే ఉంటాయి. అంతమాత్రాన నిరాశపడాల్సింది లేదు. మెట్లుండే పిడి (నెక్) గట్టిగా ఉండి, అది దేహంతో కలిసే చోట సందు లేకుండా బిగిసి, దేహం మీద తీగలు ఆనే బ్రిడ్జి బరువుగా ఉంటే 34 అంగుళాల బి తీగ కూడా శుభ్రంగా పలుకుతుంది. తీగ కంపిస్తుంటే దానితోపాటు నెక్ కూడా ఊగితే శక్తి అక్కడే ఖర్చయిపోతుంది; చవక వాద్యంలో బి తీగ మూగబోయేది ఎక్కువగా ఈ కారణంతోనే.

దుకాణంలో పరీక్ష ఈ అవగాహనతోనే జరగాలి. ముందుగా యాంప్‌లో బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ మధ్యలో పెట్టించాలి. వాద్యం మీద బూస్ట్ నాబ్ ఏదైనా ఉంటే కట్టేయాలి. దుకాణాల్లో అది పూర్తిగా తెరిచి ఉంటుంది, లోపాలన్నీ ఆ గుమ్ములో మునిగిపోతాయి. బి తీగ మీద అయిదో మెట్టు నొక్కితే ఇ స్వరం వస్తుంది. పక్కనే ఇ తీగను నొక్కకుండా మీటి రెండింటినీ పోల్చాలి. రెండూ ఒకే సత్తువతో, ఒకే స్పష్టతతో ఉంటే ఆ వాద్యాన్ని ఎంపికలో ఉంచుకోవచ్చు. బి తీగ మీది ఇ మందంగా, దుప్పటి కప్పినట్టు ఉంటే అలమరలోని తర్వాతి వాద్యం అడగాలి. ఒకే మోడల్‌లో రెండు పీసులకు మధ్య తేడా ఉంటుందన్నది గుర్తుంచుకోవాల్సిన మాట. మోడల్ పేరు చూసి కొనడం సగం పనే.

తర్వాత ట్యూనర్ పెట్టి బి తీగను కాస్త గట్టిగా మీటి సూదిని గమనించాలి. మొదట కొంచెం పైకి లేచి వెంటనే కుదురుకోవడం సహజం. కుదురుకోకుండా అటూ ఇటూ తిరుగుతుంటే ఆ తీగ బృందంలో ఎప్పుడూ అపశ్రుతిగానే వినబడుతుంది. పన్నెండో మెట్టు నొక్కినప్పుడు వచ్చే స్వరమూ, అక్కడే వేలు ఆనించి వదిలితే వచ్చే స్వరమూ ఒకటి కావాలి. తేడా ఉంటే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే ముక్కను జరిపి సరిచేయవచ్చు, అందుకు జరిపే చోటు మిగిలి ఉందో లేదో చూడాలి. మొదటి అయిదు మెట్లలో, పన్నెండు నుంచి పదిహేను దాకా ఒక్కో మెట్టు నొక్కి జరజరమనే చప్పుడు వెతకాలి. చివరగా పట్టీ తగిలించి నిలబడి చేతులు వదలాలి. తల కిందికి వాలిపోయే వాద్యం రెండు గంటల సాధనలో ఎడమ భుజాన్ని పీకేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దుకాణంలో నెలల తరబడి వేలాడిన తీగలు తుప్పుపట్టి మొద్దుబారి ఉంటాయి. వాటిలో ఏ బి తీగా బాగా పలకదు. కొనే ఉద్దేశం ఖాయమైనప్పుడు కొత్త తీగలు వేయించి వినిపించమని అడగడం మర్యాద తప్పడం కాదు. డబ్బు కొనేవాళ్లే ఇస్తామంటే ఇంకా మంచిది, ఎటూ ఆ తీగలు వాద్యంతోపాటే కళాశాలకు వస్తాయి.

తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌లు, లోపలి సర్క్యూట్ సంగతి కొంచెం త్వరగానే ముగించవచ్చు. లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉంటే ఆ వాద్యం యాక్టివ్, లేకపోతే ప్యాసివ్. మెటల్‌లో గిటార్ల గోడ మధ్య బేస్ వినబడాలంటే మిడ్ స్వరాలను పెంచుకునే వీలు కావాలి కాబట్టి యాక్టివ్‌కు కొంత మొగ్గు ఉంటుంది. అయితే కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయిపోగానే కేబుల్ పీకేయడం అలవాటు కావాలి, కార్యక్రమానికి ముందు కొత్త బ్యాటరీ జేబులో ఉండాలి. ఇంత జాగ్రత్త కష్టమనుకుంటే ప్యాసివ్ బేస్ కొని టోన్‌ను యాంప్ దగ్గర దిద్దుకోవడం మేలు. దేహం ఏ చెక్కతో చేశారన్నదానికి అమ్మేవాళ్లు ఇచ్చినంత ప్రాధాన్యం ఇవ్వనక్కర్లేదు. చెక్క ముఖ్యంగా బరువులో తెలుస్తుంది.

మోడళ్లలో మన మార్కెట్‌లో సులువుగా దొరికేవి కొన్నే. పాతిక వేల అటూఇటూగా ఐబనెజ్ జీఎస్‌ఆర్205, కోర్ట్ యాక్షన్ బేస్ ఫైవ్ ప్లస్ ఉన్నాయి. నేర్చుకోవడానికి రెండూ పనికొస్తాయి, కానీ వీటిలోనే పీసుకూ పీసుకూ తేడా ఎక్కువ. వినకుండా కొనకూడనివి ఇవి. నలభై వేల చుట్టుపక్కల యమహా టీఆర్‌బీఎక్స్305, ఐబనెజ్ ఎస్‌ఆర్305ఇ నిలుస్తాయి. రెండింటికీ అయిదు పొరల చెక్కతో అతికించిన నెక్ ఉంది, 24 మెట్లు, 34 అంగుళాలు. పొరల నెక్ వంగకుండా నిలబడుతుంది, బి తీగకు కావలసింది అదే. యమహాలో వేలితో వాయించడానికి, పిక్‌తో వాయించడానికి, ఇంకా ఇలాంటి మొత్తం అయిదు రకాల టోన్‌లను ఎంచుకునే ఒక స్విచ్ ఉంది. సౌండ్ గురించి ఏమీ తెలియని విద్యార్థి కూడా మొదటి రోజే దాన్ని వాడుకోగలడు. ఐబనెజ్‌లో మూడు నాబ్‌ల ఈక్వలైజర్ ఉంది, నెక్ పలచన, తీగల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. వేగంగా వాయించాల్సిన మెటల్‌కూ చిన్న చేతులకూ అది హాయి. లావు వేళ్లవాళ్లకు, బొటనవేలితో కొట్టి వాయించేవాళ్లకు ఇరుకు. స్క్వైర్ అఫినిటీ జాజ్ బేస్ ఐదు తీగలది ప్యాసివ్. రాక్‌కు చక్కగా ఒదుగుతుంది, తీగలు విశాలంగా ఉంటాయి, ఒక్కో పికప్‌ను విడిగా వాడితే కరెంటు హమ్ వినిపిస్తుంది.

వీటిలో ఒక్కటే కొనాల్సిన కళాశాలకు యమహా టీఆర్‌బీఎక్స్305 తగిన ఎంపిక. రకరకాల చేతులు మారే వాద్యానికి గట్టిదనం, తేలికైన నియంత్రణ ముఖ్యం. బృందం పూర్తిగా మెటల్ వైపే ఉంటే ఐబనెజ్ ఎస్‌ఆర్305ఇ. ఈ ధరల్లోని వాద్యాలు ఎక్కువగా ఇండోనేషియా కర్మాగారాల నుంచి వస్తాయి, కోర్ట్ యాజమాన్యం తన పేరుతోనే కాక ఇతర బ్రాండ్లకూ చేసి ఇస్తుంది. కాబట్టి తల మీది పేరు కోసం అయిదారు వేలు అదనంగా పెట్టడం దండగ. ఆ డబ్బు తీగలకూ, తీగల ఎత్తూ నెక్ వంపూ సరిచేసే సెటప్‌కూ పోవాలి.

కళాశాలల్లో కొనుగోలు మూడు కొటేషన్లు తెప్పించి తక్కువ ధర వేసినవాళ్లకు ఆర్డరు ఇచ్చే పద్ధతిలో జరుగుతుంది. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. తప్పు జరిగేది అడిగే కాగితంలో. 'బేస్ గిటార్, ఐదు తీగలు, ఒకటి' అని రాస్తే వచ్చేది అట్టపెట్టెలో ఆటబొమ్మ లాంటి వాద్యమే, దాన్ని తిప్పి పంపే హక్కు కూడా ఉండదు. కాగితంలో రాయాల్సినవి ఇవి: స్కేల్ 34 అంగుళాలకు తగ్గకూడదు, నెక్ అయిదు పొరలది గానీ లోపల గ్రాఫైట్ కడ్డీలతో బలపరచింది గానీ కావాలి, రెండు పికప్‌లు ఉండాలి, నెక్ వంపును సరిచేసే ట్రస్ రాడ్ పనిచేస్తూ ఉండి, దాన్ని తిప్పే తాళపు చెవి వాద్యంతో పాటు రావాలి, 130 లేదా 135 బి తీగ ఉన్న కొత్త సెట్ వేసి, సెటప్ చేసి అప్పగించాలి, బి తీగ అయిదో మెట్టు పరీక్షలో తప్పితే వారంలోగా అదే మోడల్‌లో వేరే పీసు ఇవ్వాలి. ఈ ఆరు మాటలు కాగితం మీద ఉంటే తక్కువ ధర వేసినవాళ్ల దగ్గర కొన్నా నష్టం లేదు. పరీక్ష చేయడానికి కొనుగోలు కమిటీలో వాయించడం తెలిసిన ఒక విద్యార్థిని కూర్చోబెట్టాలి. కమిటీలో సంతకం పెట్టే హోదా ఆ విద్యార్థికి అక్కర్లేదు, చెవి ఉంటే చాలు.

అరవై వేలు మంజూరైతే వాద్యానికి నలభై దాటకూడదు. రెండు సెట్ల తీగలకు ఆరు, సెటప్‌కు రెండు, మెత్తటి అస్తరు ఉన్న సంచి, వెడల్పాటి పట్టీ, మంచి కేబుల్, స్టాండ్‌కు అయిదు. మిగిలిన ఏడు వేలలో చిన్న ఎఫెక్ట్స్ పెడల్ గానీ, వాద్యాన్ని నేరుగా మిక్సర్‌కు కలిపే డీఐ బాక్స్ గానీ వస్తుంది. ఈ జాబితాలో యాంప్ లేకపోవడం పొరపాటు కాదు. సాధన గదిలో పెడల్‌కు హెడ్‌ఫోన్ తగిలించుకోవచ్చు. డ్రమ్స్ పక్కన నిలబడి వినబడాలంటే బేస్ యాంప్ 200 వాట్లయినా ఉండాలి, దాని ధర వాద్యం ధరను మించిపోతుంది. గిటార్ యాంప్‌లో బేస్ గుచ్చడం మాత్రం వద్దు. లావు తీగ దెబ్బకు ఆ స్పీకర్ పొర చిరిగిపోవచ్చు.

యాంప్ లేని లోటు తీర్చేవి ఈ జిల్లాల్లో చాలానే ఉన్నాయి. పెళ్లి బరాత్‌కూ వినాయక నిమజ్జనానికీ తిరిగే డీజే సెట్లలోని 18 అంగుళాల సబ్‌వూఫర్లు 40 హెర్ట్జ్ దాకా తేలిగ్గా పలుకుతాయి. డీఐ బాక్స్ నుంచి నేరుగా వాళ్ల మిక్సర్‌లోకి కేబుల్ వేస్తే కాలేజీ గ్రౌండ్‌లో బేస్ గుండెకు తగులుతుంది. బి తీగ మూలస్వరం 31 హెర్ట్జ్ కదా, 40 దగ్గర ఆగిపోయే బాక్సులో అదెలా వినబడుతుందన్న సందేహం రావచ్చు. తీగ ఒక్క 31 దగ్గరే కంపించదు. 62, 93, 124 హెర్ట్జ్‌ల దగ్గర దాని ఉపస్వరాలు పలుకుతాయి. అవి స్పష్టంగా అందితే లేని మూలస్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. చిన్న స్పీకర్ ఉన్న ఫోన్‌లో కూడా బేస్ వరస పోల్చుకోగలగడానికి కారణం ఇదే. అందువల్ల మిక్సర్ దగ్గర కూర్చున్నవాళ్లకు చెప్పాల్సిన మాట 'బేస్ పెంచన్నా' అని కాదు. 40 కింద కోసేసి, 60 నుంచి 100 మధ్య కాస్త నిలిపి, 700 నుంచి 2,000 మధ్య కొంచెం పెంచమనాలి. డప్పు, డోలు దెబ్బ దూరానికి వినబడేది కూడా లోపలి గుమ్ముతో పాటు పైన తోలు చరుపు ఉండడం వల్లే. మెటల్ బేస్‌లో పిక్ వాడకం, మంద్రాన్ని శుభ్రంగా ఉంచి పై స్వరాలకే డిస్టార్షన్ కలపడం కూడా ఈ చరుపు కోసమే.

నల్గొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, గాలి పొడిబారిపోతుంది; జులై వచ్చేసరికి తేమ. చెక్క ఈ రెండింటికీ స్పందిస్తుంది. ఎండల్లో మెట్ల కొసలు నెక్ అంచు దాటి చేతికి గుచ్చుకుంటాయి, నెక్ వంపు కాలాన్ని బట్టి మారుతుంది. వానాకాలంలో డప్పును మంట దగ్గర కాచుకున్నట్టే బేస్‌ను ఏడాదికి రెండుసార్లు చూసుకోవాలి. లావు తీగను మొదటి మెట్టు దగ్గరా, దేహంతో నెక్ కలిసే మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కితే, ఎనిమిదో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మందపాటి విజిటింగ్ కార్డు దూరేంత. ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్‌ను కుడివైపు పావు చుట్టు బిగించాలి, సందే లేకపోతే ఎడమవైపు పావు చుట్టు వదలాలి. ఒక రోజు ఆగి మళ్లీ చూడాలి. తిరగనంటే బలవంతం చేయకూడదు, అక్కడ రాడ్ విరిగితే వాద్యం పోయినట్టే. పన్నెండో మెట్టు దగ్గర బి తీగ ఎత్తు 2.5 మిల్లీమీటర్లు, జి తీగ 2 మిల్లీమీటర్లు ఉంటే చేతికీ చెవికీ రెంటికీ సరిపోతుంది. పిక్‌తో గట్టిగా కొట్టేవాళ్లకు ఇంకొంచెం ఎత్తు కావాలి. ఎండలో మూసిన కారులో, బస్సు టాప్ మీద వాద్యం ప్రయాణం చేయకూడదు. వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తీగలు తుడిస్తే చెమట తినేసే తీగలు ఎక్కువ కాలం మన్నుతాయి. మొద్దుబారిన తీగలను నీళ్లలో పది నిమిషాలు మరిగించి ఆరబెడితే కొన్నాళ్లు మళ్లీ మెరుగ్గా పలుకుతాయి. పోటీ ముందు మాత్రం కొత్తవే వేయాలి.

ఆన్‌లైన్‌లో కొనక తప్పనప్పుడు వాపసు గడువు ముందే చూసుకుని, పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయాలి. పెట్టె దించగానే శ్రుతి చేయకుండా ఒక పూట గదిలో ఉంచితే చెక్క కుదురుకుంటుంది. హైదరాబాద్‌లో పాత వాద్యం దొరికితే ముందుగా ట్రస్ రాడ్ తిరుగుతోందో లేదో, నెక్ మెలితిరిగిందో లేదో తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూడాలి. మెట్లు అరిగితే కొత్తవి వేయించవచ్చు. మెలితిరిగిన నెక్‌ను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

కొన్న తర్వాత జరిగేది కొనడం కంటే ముఖ్యం. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన వాద్యం బీరువాలోకి పోతుంది, తాళపు చెవి ఆఫీసులో ఉంటుంది, ఆఫీసు అయిదింటికి మూసేస్తారు, విద్యార్థులు సాధన మొదలుపెట్టేది ఆ తర్వాతే. గ్రంథాలయ పుస్తకాన్ని ఇచ్చినట్టే బేస్‌నూ కార్డు మీద వారానికి ఒకరికి ఇంటికి ఇవ్వడానికి ప్రిన్సిపాల్ సంతకంతో ఒక పేజీ ఉత్తర్వు సరిపోతుంది. కార్డు వెనుక నాలుగు గళ్లు ఉండాలి: తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ, బ్యాటరీ మార్చిన తేదీ, బి తీగ మార్చిన తేదీ.

ఇట్లు,
ఈ రెండు జిల్లాల విద్యార్థి బృందాల శ్రోత